పైల్‌ను మోసేది మట్టే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పైల్ పునాదుల మీదే ఉన్నాయి. పైల్ అంటే భవనం బరువును మోయడానికి నేలలోకి లోతుగా దింపే స్తంభం. ఒకరు లోడ్ టెస్ట్ (పైల్ మీద బరువు పెట్టి, ఎంత దిగుతుందో చూసే పరీక్ష) గురించి, ఇంకొకరు పక్కవాళ్ల తవ్వకం గురించి, మరొకరు మెరక చేసిన స్థలం గురించి అడిగారు. చదువుతూ పోతే అన్నిటిలోనూ ఒకే లోటు కనిపించింది. పైల్ ఎంత లావు, ఎంత లోతు, కాంక్రీట్ ఏ గ్రేడ్ అన్నవి అందరూ రాశారు. అది ఏ మట్టిలో ఉందో, ఆ మట్టి ఇవాళ ఎలా ఉందో, కొన్నేళ్లకు ఎలా మారుతుందో రాసినవాళ్లు తక్కువ. మట్టి పరీక్షలు, పునాదుల పనిలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా వాదించింది దీని గురించే. అందుకే ఈ నెల పేజీలన్నీ ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా సైట్‌లో రెండు బోర్డ్ పైల్స్‌కి (గుంత తవ్వి అందులో కాంక్రీట్ పోసేవి) లోడ్ టెస్ట్ చేశాం. రెండూ 600 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల లోతు. ఒకే కాంక్రీట్, ఒకే స్టీల్, కాంట్రాక్టరు కూడా ఒకరే. ఒకటి చక్కగా నిలబడింది. రెండోది సగం లోడ్‌కే దిగడం మొదలుపెట్టింది. కాంక్రీట్ బాగాలేదని మా పైవాళ్లు అంటున్నారు. కోర్ (పరీక్ష కోసం కాంక్రీట్‌లోంచి తొలిచి తీసే ముక్క) తీయించమంటారా? – ఒక సైట్ ఇంజినీరు

జవాబు: కోర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక లెక్క వేయండి. మీ పైల్ అడ్డుకోత వైశాల్యం సుమారు 0.28 చదరపు మీటర్లు. ఎం25 గ్రేడ్ కాంక్రీట్ అనుకుంటే, అది నలిగిపోవడానికి దాదాపు 700 టన్నులు కావాలి. ఇప్పుడు అదే పైల్ మొత్తం మెత్తటి బంకమట్టిలో ఉందనుకుందాం. ఆ మట్టి షియర్ స్ట్రెంగ్త్ (తెగి జారిపోకుండా నిలిచే బలం) చదరపు మీటరుకు 2.5 టన్నులు అనుకోండి. పైల్ ఒంటి వైశాల్యం 28 చదరపు మీటర్లు. మెత్తటి బంక పైల్‌కు బాగా అంటుకుంటుంది కాబట్టి దాని బలంలో 90 శాతం దాకా రాపిడిగా లెక్కలోకి తీసుకోవచ్చు. అలా పక్కనుంచి వచ్చేది 63 టన్నులు. బంకమట్టిలో కొన కింద ఆనికకు షియర్ స్ట్రెంగ్త్‌కి తొమ్మిది రెట్లు తీసుకుంటాం. ఇక్కడ అది 6 టన్నులకు కాస్త పైన తేలుతుంది. మొత్తం కలిపినా 70 టన్నులే. 700 టన్నులు తట్టుకునే కాంక్రీట్ లోపల ఉంది, బయట మట్టి 70కే చేతులెత్తేస్తోంది. అందుకే, మొదటి అనుమానం కాంక్రీట్ మీదకు పోవడం నాకు నచ్చదు.

అదే 15 మీటర్లూ గట్టి బంకలో ఉంటే? షియర్ స్ట్రెంగ్త్ 10 టన్నులు, అంటే నాలుగు రెట్లు అనుకుందాం. రాపిడి మాత్రం నాలుగు రెట్లు పెరగదు. గట్టి బంక పైల్ ఒంటికి అంతగా అతుక్కోదు, దాని బలంలో సగమే లెక్కకు వస్తుంది. పక్కనుంచి 140 టన్నులు, కొన నుంచి మరో 25. మొత్తం 165. మట్టి నాలుగు రెట్లు గట్టిదైతే పైల్ రెండున్నర రెట్లకు కూడా చేరలేదు. సాయిల్ రిపోర్టులో పెద్ద అంకె కనబడగానే అదే నిష్పత్తిలో లోడ్ పెంచేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి చేతితో వేసి చూడాలి.

ఇంకో విషయం. పక్క రాపిడి, కొన ఆనిక ఒకేసారి పనిలోకి దిగవు. పైల్ కొద్ది మిల్లీమీటర్లు కదిలితే చాలు, రాపిడి దాదాపు మొత్తం అందుతుంది. కొన ఆనిక పూర్తిగా రావాలంటే వ్యాసంలో పదోవంతు దాకా దిగాలి. మీ పైల్‌కి అది 60 మిల్లీమీటర్లు. అంత కుంగుదలను భవనం భరించలేదు. కాబట్టి రోజువారీ బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది పక్క మట్టే. అక్కడ లోపం ఉంటే లోడ్ టెస్ట్‌లో మొదట్లోనే బయటపడుతుంది. మీరు చెప్పిన 'సగం లోడ్‌కే దిగడం' సరిగ్గా ఆ లక్షణం.

ఆ లోపం ఎలా వచ్చి ఉంటుంది? మొదటి అవకాశం, రెండు పైల్స్ దగ్గర మట్టి వేరు. నేల పైన చదునుగా, ఒకేలా కనబడినా కింద ఎప్పుడో పూడిపోయిన పాత పాయ ఉండవచ్చు. మట్టి పరీక్షకు వేయించిన బోర్‌హోల్స్‌లో ఆ రెండో పైల్‌కి దగ్గరగా ఉన్నది ఏదో చూడండి. దూరంగా ఉంటే అక్కడ ఇంకొకటి వేయించండి. రెండో అవకాశాన్నే నేను ఎక్కువసార్లు చూశాను: మట్టి ఒకటే, కానీ బోరు వేసిన తీరు దాన్ని పాడుచేసింది.

ఒక సైట్‌లో గట్టి బంకమట్టిలో బోరు పూర్తయింది. కాంక్రీట్ రావడం ఆలస్యమైంది. గుంత రాత్రంతా నీళ్లతో అలాగే ఉంది. మర్నాడు స్టీల్ కేజ్ దింపి కాంక్రీట్ పోశారు. టెస్ట్‌లో ఆ పైల్ మిగతావాటికన్నా చాలా ఎక్కువ కుంగింది. పైభాగంలో పక్కన తవ్వించి చూశాం. పైల్‌ను అంటుకుని వేలు మందాన ఒక పొర, తాపీతో గీస్తే ముద్దముద్దగా ఊడొచ్చింది. దాని వెనకాలే ఉన్న మట్టి గోరు దిగనంత గట్టిగా ఉంది. గుంత తవ్వగానే చుట్టూ మట్టి మీదున్న ఒత్తిడి తగ్గిపోతుంది, ఆ గోడ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఆ సైట్ సాయిల్ రిపోర్టులోని అంకె లోపలి గట్టి మట్టిది. పైల్‌కు దక్కింది ఆ వేలు మందం పొర.

కాబట్టి మీరు కోర్‌కన్నా ముందు పైల్ రిజిస్టర్ తెరవండి. బోరింగ్ ఎప్పుడు ముగిసింది, కాంక్రీట్ ఎప్పుడు మొదలైంది, మధ్యలో ఎన్ని గంటలు గడిచాయో రెండు పైల్స్‌కీ పక్కపక్కన రాసి చూడండి. బెంటొనైట్ (గుంత గోడలు కూలకుండా నింపే బంక ద్రవం) వాడితే అది ఎంత చిక్కగా ఉందో, ఎంతసేపు గుంతలో ఉందో కూడా. ఎక్కువసేపు ఉంటే గోడల మీద మందంగా పేరుకుంటుంది, రాపిడి తగ్గుతుంది. ట్రెమీ (కాంక్రీట్‌ను అడుగు దాకా చేర్చే గొట్టం) దించాక ఫ్లషింగ్ చేసి అడుగు బురద కడిగారా, పోసేముందు బరువు కట్టిన టేపు దించి అడుగు గట్టిగా తగిలిందా లేదా చూశారా అన్నవి కూడా కనుక్కోండి. అడుగున బురద మిగిలితే కొన ఆనిక కాగితం మీదే ఉంటుంది. ఇవన్నీ సవ్యంగా ఉన్నాయని తేలితే, అప్పుడు కోర్ తీయించండి.

ప్రశ్న: ప్రీకాస్ట్ పైల్‌ను (ముందే పోసి తెచ్చినదాన్ని) హ్యామర్‌తో దింపుతూ మధ్యలో ఆపాల్సి వచ్చింది. ఆపేముందు సులువుగానే దిగుతోంది. వారం తర్వాత మళ్లీ కొడితే కదలడం లేదు. కింద రాయి తగిలిందనుకోవాలా? – పైలింగ్ సూపర్‌వైజరు

జవాబు: ఆపినప్పుడు సులువుగా దిగుతున్న పైల్‌కి, ఆగి ఉన్నప్పుడు రాయి ఎలా తగులుతుంది? మారింది మట్టే. బంకమట్టిలోకి పైల్‌ను కొట్టినప్పుడు తన పరిమాణమంత మట్టిని అది పక్కకు నెడుతుంది. బంకలోని నీరు అంత త్వరగా బయటకు పోలేదు. దాంతో నీటి ఒత్తిడి పెరిగి, మట్టి రేణువుల మధ్య పట్టు సడలుతుంది. పైగా పైల్ పక్కనున్న మట్టి పిసికినట్టయి బలం కోల్పోతుంది. అందుకే కొడుతున్నప్పుడు సులువుగా దిగుతుంది. ఆపాక ఆ ఒత్తిడి మెల్లగా దిగిపోతుంది, మట్టి మళ్లీ పైల్‌ను బిగించుకుంటుంది. బంక ఎంత సన్నటిదైతే ఇది అంత నెమ్మది. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు.

దీనివల్ల రెండు జాగ్రత్తలు అవసరం. బంకలో పైల్ దింపిన మర్నాడే లోడ్ టెస్ట్ చేసి ఫెయిలైందని తేల్చకండి. అలాగే, ఒకే పైల్‌ను రెండు ముక్కలుగా అతికి దింపుతుంటే అతుకు దగ్గర రోజుల తరబడి ఆపకండి. మళ్లీ కదిలించడానికి కొట్టే దెబ్బలకు తల పగిలిపోతుంది.

ఇసుకలో కథ వేరు. వదులు ఇసుకలో పైల్ దింపితే చుట్టూ ఇసుక కుదించుకుని గట్టిపడుతుంది, తర్వాత దింపే పైల్ ఇంకా కష్టంగా దిగుతుంది. బాగా గట్టిగా ఉన్న సన్న ఇసుకలో, సిల్ట్‌లో (ఇసుకకన్నా సన్నటి ఒండ్రులో) మాత్రం తిరగబడుతుంది. కొట్టేటప్పుడు రేణువులు ఒకదానిమీదొకటి ఎక్కి చోటు పెరగాలని చూస్తాయి, నీటి ఒత్తిడి తాత్కాలికంగా పడిపోతుంది, పైల్ చాలా గట్టిగా ఉన్నట్టు కనబడుతుంది. కొన్ని గంటలు, రోజులు గడిచాక మళ్లీ కొడితే సులువుగా దిగుతుంది. మొదటి రోజు దెబ్బల లెక్క చూసి పైల్ బలం రాసేసుకుంటే ఇక్కడ మోసపోతాం. అలాంటి మట్టిలో ఆగి, మళ్లీ కొట్టి చూడనిదే ఏ పైల్‌నూ ఒప్పుకోకండి.

ప్రశ్న: పల్లపు స్థలాన్ని రెండు మీటర్ల మేర మెరక చేసి గోడౌన్ కడుతున్నాం. కింద ఎనిమిది మీటర్ల మెత్తటి బంక, దాని కింద గట్టి పొర ఉన్నాయి. పైల్స్ ఆ గట్టి పొర దాకా పోతున్నాయి. లోడ్ టెస్ట్ కూడా పాసైంది. అయినా డిజైన్ ఇంజినీరు 'నెగెటివ్ స్కిన్ ఫ్రిక్షన్' అని చెప్పి పైల్ మీద వేసే బరువు తగ్గించమంటున్నారు. ఇది అతిజాగ్రత్త కాదా? – స్థలం యజమాని

జవాబు: కాదండీ. ఆయన మాట వినండి. ఈ ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీదే.

మీరు పోసిన మెరక తేలికైనది కాదు. రెండు మీటర్ల మట్టి అంటే చదరపు మీటరుకు మూడున్నర టన్నుల దాకా బరువు. ఆ బరువుకు కింది మెత్తటి బంకలోని నీరు మెల్లగా బయటకు పోతుంది, బంక కుంగుతూ పోతుంది. నీటి ఒత్తిడి తగ్గుతూ ఆ భారం మట్టి రేణువుల మీదకు చేరే ఈ క్రమాన్ని కార్ల్ టెర్జాగీ 1920ల్లోనే లెక్కలతో వివరించారు. దానికి ఏళ్లు పడుతుంది. మీ పైల్స్ గట్టి పొర మీద నిలిచి ఉన్నాయి, దిగవు. చుట్టూ మట్టి మాత్రం దిగుతోంది. అప్పుడు రాపిడి దిశ మారిపోతుంది. ఇన్నాళ్లూ పైల్‌ను పైకి ఆపి ఉంచాల్సిన మట్టి, మునిగేవాడు పక్కవాణ్ణి పట్టుకున్నట్టు, దాన్ని కిందికి లాగుతుంది. మీ ఇంజినీరు చెప్పిన 'నెగెటివ్ స్కిన్ ఫ్రిక్షన్' ఇదే. మట్టి పైల్‌కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ దిగితే చాలు, ఈ లాగుడు దాదాపు పూర్తి స్థాయికి వస్తుంది. మెరక మట్టీ లాగుతుంది, దాని కింది బంకా లాగుతుంది. మీ గోడౌన్ బరువుకు ఇది అదనం.

'టెస్ట్ పాసైంది కదా' అన్నారు. టెస్ట్‌లో పైల్‌ను మనం కిందికి నెట్టాం. చుట్టూ మట్టి కదలకుండా ఉంది. కాబట్టి ఆ ఎనిమిది మీటర్ల బంక, పైనున్న మెరక కూడా పైల్‌కు సాయం చేశాయి, ఆ సాయమంతా ఫలితంలో కలిసిపోయింది. రేపు అదే పది మీటర్లు సాయం మానేయడమే కాదు, ఎదురు తిరుగుతాయి. టెస్ట్ అంకెలోంచి ఆ సాయాన్ని తీసేయాలి, ఆ పైన లాగుడును బరువులో కలపాలి. మీ ఇంజినీరు అడుగుతున్నది ఇదే.

ఇలాంటి నేలలో కట్టిన ఒక గోడౌన్‌ను కొన్నేళ్ల తర్వాత నేను చూశాను. స్తంభాలు, గోడలు నిక్షేపంగా ఉన్నాయి. గచ్చు మాత్రం కుంగి, ప్లింత్ బీమ్ (గోడల అడుగున ఉండే బీమ్) కింద చెయ్యి దూరేంత సందు ఏర్పడింది. గోడలోంచి బయటకు వచ్చే పైపులన్నీ గోడ దగ్గరే విరిగాయి. అక్కడ డిజైన్‌లో లాగుడును లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి పైల్స్ నిలిచాయి. మీరు గచ్చు గురించి, పైపుల గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. అవి పైల్స్ మీద లేవు కదా.

ఇదే పెద్ద ఎత్తున చూడాలంటే మెక్సికో సిటీ. పాత సరస్సు బంక మీద ఉన్న ఆ నగరంలో భూగర్భజలాలు తోడేయడంతో నేల దశాబ్దాలుగా కుంగుతోంది. 1910లో ప్రారంభించిన స్వాతంత్ర్య స్తంభానికి లోతైన పైల్ పునాది ఉంది. చుట్టూ వీధి దిగిపోతూ వచ్చింది, స్తంభం అక్కడే ఉండిపోయింది. దాని పీఠం చేరుకోవడానికి తర్వాత కాలంలో 14 మెట్లు కొత్తగా కట్టాల్సి వచ్చింది. మెరక పోయకపోయినా, నీళ్లు తోడినా మట్టి పైల్‌ను లాగుతుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మీకు వ్యవధి ఉంటే ఒక మార్గం ఉంది. మెరక మీద ఇంకొంత మట్టి అదనంగా పోసి, బంకలో నీరు త్వరగా బయటకు పోయేలా నిలువు డ్రెయిన్లు వేసి, కుంగాల్సినంత ముందే కుంగనివ్వడం. లేదా లాగుడు వచ్చే భాగంలో పైల్‌కు బిట్యుమెన్ (తారు) పూత. అది ప్రీకాస్ట్, స్టీల్ పైల్స్‌కే వీలవుతుంది. మీవి ఇప్పటికే పోసిన పైల్స్ అయితే బరువు తగ్గించడమో, పైల్స్ సంఖ్య పెంచడమో తప్పదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు పైల్స్ మీద ఉంది. పక్క స్థలంలో సెల్లార్ కోసం లోతుగా తవ్వుతున్నారు. 'మీది పైల్ ఫౌండేషన్, మీకేం కాదు' అంటున్నారు. నమ్మవచ్చా? – అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: నమ్మకండి. పైల్ నిలువు బరువుకు మంచిది. పక్కనుంచి నెట్టితే సన్నటి పైల్ తట్టుకోలేదు. పక్కనుంచి దాన్ని నిలబెట్టేది మట్టే, ఇప్పుడు మీ పక్కవాళ్లు తీసేస్తున్నది ఆ మట్టినే.

2009 జూన్ 27న షాంఘైలో దాదాపు పూర్తయిన 13 అంతస్తుల భవనం ఒకటి పక్కకు ఒరిగి నేలమీద పడింది. భవనం దాదాపు చెక్కుచెదరలేదు, కింద పైల్స్ విరిగాయి. ఒక పక్క భూగర్భ గ్యారేజీ కోసం 4.6 మీటర్లు తవ్వారు. తవ్విన మట్టిని తెచ్చి రెండో పక్క సుమారు పది మీటర్ల ఎత్తున గుట్టగా పోశారు. గుట్ట బరువు మెత్తటి నేలను గొయ్యి వైపు నెట్టింది, ఆ మట్టితో పాటు పైల్స్ కూడా పోయాయి. పనిలో ఉన్న ఒక కార్మికుడు చనిపోయాడు. నిలువు లోడ్ టెస్ట్ ఎన్ని పాసైనా ఈ ప్రమాదాన్ని ముందుగా చెప్పవు.

మీరు వెంటనే అడగాల్సినవి: గొయ్యి గోడకు ఏ రకం షోరింగ్ (కూలకుండా పెట్టే ఆధారం) వేస్తున్నారు, నీళ్లు ఎంత లోతు దాకా తోడుతున్నారు, తవ్విన మట్టి ఎక్కడ పోస్తున్నారు. మీ భవనం మూలల్లో, గొయ్యి అంచున కొలత గుర్తులు పెట్టించి, తవ్వకం నడిచినన్నాళ్లూ రోజూ చూపించమనండి. గొయ్యి అంచు వాలిపోతున్నట్టు కొలతలు చెబితే పని ఆపించే హక్కు ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకోండి. మాట మీద వదిలేయకండి.

ప్రశ్న: ఒక పైల్ 100 టన్నులు మోస్తే తొమ్మిది పైల్స్ గుంపు 900 టన్నులు మోస్తుందా? – పాలిటెక్నిక్ విద్యార్థిని

జవాబు: కొన్నిచోట్ల మోస్తుందమ్మా, కొన్నిచోట్ల మోయదు. బంకలో పైల్స్ దగ్గరదగ్గరగా ఉంటే మధ్యలో మట్టితో సహా గుంపంతా ఒకే దిమ్మెలా దిగిపోవచ్చు. అప్పుడు 900కు తక్కువే వస్తుంది. వదులు ఇసుకలో కొట్టి దింపిన పైల్స్ ఒకదాని చుట్టూ ఇంకొకటి ఇసుకను గట్టిపరుస్తాయి కాబట్టి ఎక్కువా రావచ్చు. రాపిడి మీద ఆధారపడే పైల్స్‌కు కనీసం వ్యాసానికి మూడు రెట్ల ఎడం ఇవ్వడం అందుకే.

పరీక్షలో అడగని సంగతి ఒకటి చెప్తాను, గుర్తుంచుకో. ఒక్క పైల్ తన కొన కింద కొద్ది లోతు మట్టినే కదిలిస్తుంది. గుంపు మొత్తం కలిసి చాలా లోతుకు ఒత్తిడి పంపుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని 58 అంతస్తుల మిలీనియం టవర్ పైల్స్ గట్టి ఇసుక పొరలో ఆగాయి, రాతి దాకా పోలేదు. ఆ ఇసుక కింద మందమైన బంక ఉంది. 2016 నాటికి భవనం సుమారు 40 సెంటీమీటర్లు కుంగి, ఒక పక్కకు వాలింది. ఆ బంక కుదించుకుపోవడం ఏ ఒక్క పైల్ టెస్ట్‌లోనూ కనబడదు. ఒంటరి పైల్ బరువు అంత దూరం పోదు, టెస్ట్ నడిచే కాసేపట్లో బంకలో నీరూ కదలదు.

ప్రశ్న: ఇసుక నేలలో భూగర్భజలం పైకి వస్తే పైల్ బలం తగ్గుతుందా? – ఒక పాఠకుడు

జవాబు: తగ్గుతుంది. ఇసుకలో రాపిడి ఆధారపడేది రేణువులు పైల్‌ను ఎంత గట్టిగా నొక్కుతున్నాయన్న దాని మీద. నీటిలో మునిగిన ఇసుక ప్రభావ బరువు దాదాపు సగానికి పడిపోతుంది, నొక్కుడూ అంతే తగ్గుతుంది. నీరు బాగా లోతున ఉన్న కాలంలో చేసిన టెస్ట్‌ను, నీరు నేల మట్టానికి వచ్చే కాలానికి అలాగే వాడకూడదు. దీనికి భూకంపం తోడైతే మరీ ప్రమాదం. వదులుగా, నీళ్లతో నిండిన ఇసుక ఆ ఊపుకు కాసేపు ద్రవంలా మారిపోతుంది. 1964 జూన్‌లో జపాన్‌లోని నీగాటా భూకంపంలో షోవా వంతెన అలాగే పడిపోయింది, అది అప్పటికి కొత్తగా కట్టినది. అలాంటి పొర ఉన్నచోట దాని రాపిడిని సున్నా అనుకుని, కింది గట్టి పొరలో చాలినంత పొడవు దింపాలి. ఆ మధ్య భాగంలో పైల్‌ను వంగకుండా పట్టుకునే మట్టి ఉండదు కాబట్టి స్టీల్ కూడా పెంచాలి.

ప్రశ్న: నల్లరేగడిలో చిన్న ఇంటికి కూడా పైల్స్ ఎందుకంటున్నారు? బరువు తక్కువే కదా. – ఇల్లు కట్టుకుంటున్న పాఠకురాలు

జవాబు: మీ ఇల్లు తేలికగా ఉండటమే ఇబ్బంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఉబ్బేటప్పుడు పైల్ ఒంటిని పట్టుకుని పైకి ఎత్తుతుంది. పెద్ద భవనాన్ని దాని బరువే పట్టి ఉంచుతుంది, చిన్న ఇంటికి ఆ బరువు లేదు. ఈ మార్పులు పైన మూడు మూడున్నర మీటర్లలోనే ఎక్కువ, ఆ కింద మట్టి ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్ ఇందుకోసమే. ఆ స్థిరమైన మట్టిలో, కాండం వ్యాసానికి సాధారణంగా రెండున్నర రెట్లు ఉండే ఉబ్బెత్తు బల్బు పోస్తారు. అది కిందికి దిగకుండానూ ఆపుతుంది, పైకి లేవకుండానూ పట్టుకుంటుంది. బల్బు కన్నా పైన ఉన్న మట్టి రాపిడిని లెక్కలోకి తీసుకోవద్దని మీ ఇంజినీరుకు చెప్పండి. వేసవిలో మట్టి ముడుచుకుని పైల్ నుంచి విడిపోతుంది. పైల్ నిలువునా స్టీల్ ఉండాలి, లేకపోతే ఎత్తుడుకు మధ్యలో తెగుతుంది. పైల్స్‌ను కలిపే బీమ్ అడుగును నేలకు ఆనించి పోయనివ్వకండి. ఉబ్బే మట్టి లేవడానికి చోటు ఉండేలా కింద ఖాళీ వదలమనండి, ఆ ఖాళీలోకి పక్కనుంచి మట్టి జారకుండా రెండు వైపులా అడ్డు పెట్టించండి.